ఆనపకాయ శాంతం

ఉప్పలగుప్తం రొయ్యల చెరువు గట్టు మీద
పదకొండేళ్లుగా రాత్రి కాపలా నాది.
నిద్ర నాతో మాటలు మానేసి మూడో ఏడు.
డాక్టరు మాత్రలిచ్చాడు, మా ఆవిడ గసగసాలు నూరింది,
ఆఖరికి మా కెజియా వైర్లు తెచ్చింది.

మా అన్న కూతురు. పాలిటెక్నిక్కు చివరేడు.
అమలాపురంలో పాత సామాన్ల కొట్లో
బోర్డొకటి, చిప్పులు నాలుగు,
చెవి దుద్దులంత వెండి గిన్నెలు రెండు ఏరుకొచ్చి
వంటింటి బల్ల మీద టంకం వేసింది.
వారం రోజులు కూరల్లో కూడా గుగ్గిలం వాసన.

"నీ బుర్రలో అలలుంటాయి బాబాయ్.
అవి నెమ్మదించినప్పుడల్లా గంట మోగుద్ది.
గంట కోసం మెదడే నిద్ర నేర్చుకుంటది."

నుదుటి మీద ఉప్పునీళ్ల స్పాంజి
(ఉప్పునీళ్లు నాకు కొత్తా?),
చెవి తమ్మెకో క్లిప్పు,
తల చుట్టూ మా వదిన లంగా బొందు.
ల్యాప్‌టాపు తెర మీద
ఆకుపచ్చగా, ఒత్తుగా, తెంపు లేకుండా ఓ అల.
గంట మోగింది. మోగుతూనే ఉంది.
"ఎంత శాంతమో చూడు!" అంది పిల్ల.
గర్వమేసింది నాకు.

పళ్లు బిగిస్తే ఇంకా బాగా మోగుతుందని
మూడో రోజుకి కనిపెట్టాను, ఎవరికీ చెప్పలేదు.
దవడ లాగి అన్నం నమల్లేక
గంజి తాగిన సంగతీ చెప్పలేదు.

ఊళ్లో మాట దాగదు.
మాణిక్యం తన ఎనిమిదేళ్లవాణ్ని చెయ్యి పట్టుకు తెచ్చింది.
వాడికి ఫిట్సు.
"ఇది పెట్టుకుంటే మాత్రలు ఆపెయ్యొచ్చా అమ్మా?"
అనడిగింది, వంకాయల ధర అడిగినంత మామూలుగా.
కెజియా చేతిలో వైరు అలాగే ఉండిపోయింది.
"రేపు రా పిన్నీ" అంది.

తెల్లారగట్ల డ్యూటీ దిగొచ్చేసరికి
బల్ల మీద ఆనపకాయ.
ఆనపకాయకి స్పాంజి, ఆనపకాయకి లంగా బొందు,
తెర మీద నా అలే,
అదే ఒత్తు, అదే ఆకుపచ్చ. గంట మోగుతోంది.
"ఇది నీకంటే శాంతంగా ఉంది బాబాయ్" అంది.
నవ్వలేదు.

సెకనుకి యాభై అంట. గోడల్లో కరెంటు ఊపిరంట.
చెరువు మోటార్లు రాత్రంతా ఏ కరెంటు తాగి అరుస్తాయో
దాన్నే నా మనసనుకుని గంట కొట్టుకున్నాం.

అప్పుడు చూశాను ప్లగ్గు వైపు.
ల్యాప్‌టాపు చార్జరుకి రెండే కాళ్లు.
కన్నంలో పట్టట్లేదని మూడోది మా అన్న ఎప్పుడో పీకేశాడు.
చెరువు కాపలావాడి జేబులో బీడీ లేకపోయినా టెస్టరుంటుంది.
తీసి వెండి గిన్నెకి ఆనించాను.

వెలిగింది.
కందిగింజంత, నారింజ రంగు.

"ఇంత వెలుగు చంపదు" అంది కెజియా, గొంతు పొడారిపోయి,
"లోపల చిన్న ముక్కొకటి చెడితే మాత్రం..."
తక్కింది నేనడగలేదు.

నేతల సుందర్రావు గుర్తొచ్చాడు.
నిరుడు కార్తీకంలో, మోకాలి లోతు నీళ్లలో,
ఫ్యాను తిరగట్లేదని చెయ్యి పెట్టాడు.
ఆ తర్వాత చెరువుకి బోర్డు కట్టాం,
ఎర్ర రంగుతో, పుర్రె బొమ్మతో.
వారం రోజులు నా పుర్రె మీద ఏ బోర్డూ లేదు.
తడి నుదురు, సిమెంటు నేల మీద ఉత్త కాళ్లు,
బయట ఉరుములు.
కళ్లు మూసుకుని శాంతంగా
గంట వింటూ కూర్చున్నాను.

మాణిక్యం పొద్దున్నే వచ్చింది, పిల్లాడికి తల దువ్వి మరీ.
కెజియా వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.
"మాత్ర మానకు నాన్నా. ఒక్క పూట కూడా.
ఇది బొమ్మ. బొమ్మ కూడా కాదు."
మాణిక్యానికి కోపమొచ్చింది.
డబ్బున్నోళ్ల పిల్లలకైతే పెడతారంది.
గేటు గట్టిగా వేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మా వదిన
ఆ ఆనపకాయే పులుసు పెట్టింది.
ఒక పక్కే నమిలాను.